ఎలీషబా చూరు లెక్క

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఈ కథలో నేను చేసిన తప్పంతా దానివల్లే జరిగింది. మద్రాసులో తొమ్మిది నెలల శిక్షణ పూర్తిచేసి, ఖాకీ టోపీ పెట్టుకుని, మార్కాపురం తాలూకాలో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా దిగేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. జబ్బు జనంలో ఎక్కడ పుడుతుందో, ఎటు పాకుతుందో లెక్కలు కట్టి తేల్చే శాస్త్రం ఒకటి ఉందనీ, అది నా సంచీలో ఉందనీ నా ధీమా. ఆ శాస్త్రంలో ఓనమాలు నాకు నిజంగా దిద్దించింది ఎలీషబా. ఆమెకు సంతకం కూడా రాదు.

ఊరి పేరు చెప్పను. మునసబు గారి మనవలు గట్టివాళ్ళు, నేనేమో ముసలివాణ్ణి అయిపోయాను. మార్కాపురం నుంచి త్రిపురాంతకం పోయే దారిలో ఎక్కడో అనుకోండి, చాలు.

1936 మే నెలలో ఆ ఊరి నుంచి ఒక అర్జీ వచ్చింది. కింద మునసబు ఓబులయ్య గారి సంతకం. పాలెంలోని కిరస్తానీలు తవ్వుకున్న బావి వల్ల నారికురుపు ఊరంతా పాకుతోంది, కాబట్టి ఆ బావిని వెంటనే పూడ్పించాలి అని దాని సారాంశం.

నారికురుపు చూడనివాళ్ళు అదృష్టవంతులు. కాలి మీద బొబ్బ లేస్తుంది. నిప్పుకణిక పెట్టినట్టు మంట. బొబ్బ చితికాక అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు, ఒక్కోసారి రెండు మూరలు ఉంటుంది. లాగామా, తెగుతుంది. తెగితే కాలు చీముపట్టి మనిషి మంచం దిగడు. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు రెండంగుళాల చొప్పున, ఓపిగ్గా తీయాలి.

ఆ ఊళ్ళో రెండు బావులున్నాయి. ఊరివాళ్ళది దిగుడుబావి. మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకుంటారు. ఊరవతల పాలెంలో ఉండే అంటరానివాళ్ళకు ఆ మెట్లు దిగే హక్కు లేదు. గట్టు మీద కాచుకుని కూర్చుంటే, దయ కలిగినవాళ్ళు పోస్తారు, కలగనివాళ్ళు పోయరు. అయిదేళ్ళ కిందట మిషన్ వాళ్ళు కొంత సాయం చేస్తే పాలెం వాళ్ళు సొంతంగా చేదబావి తవ్వుకున్నారు. గట్టు కాచే బాధ తప్పింది. గట్టు మీద కాచుకునేవాళ్ళు లేకపోయేసరికి, కేకేసిన వెంటనే పొలానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళూ తగ్గారు. అర్జీ ఎందుకు పుట్టిందో నాకు ఆ రోజు తెలియలేదు గానీ, మీకు తెలిసే ఉంటుంది.

మునసబు గారు నన్ను చావడిలో కూర్చోబెట్టి జాబితా చేతికిచ్చారు. నారి వచ్చినవాళ్ళు పాలెంలో ఇరవై ఆరుగురు, ఊళ్ళో తొమ్మిదిమంది. నేను దాన్ని నా పుస్తకంలోకి ఎక్కించి, కింద గీత గీసి, సాయంత్రానికల్లా మార్కాపురం చేరుకోవచ్చని సంబరపడ్డాను. అయినా బావిని ఒకసారి చూసినట్టు ఉంటుందని పాలెం వైపు నడిచాను.

మొదటి ఇంటి ముందే ఎలీషబా కనిపించింది. యాభై ఏళ్ళ విధవరాలు, ఎడమకాలు కాస్త వంకర. చిన్నప్పుడు ఆమెకు నారి వస్తే ఎవడో తొందరపడి లాగి తెంపాడు. కాలు అట్లా నిలిచిపోయింది. ఆ కసితోనే నారి తీయడం నేర్చుకుంది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు ఆమే డాక్టరు. అప్పుడు ఆమె ముందు ఒక ఆసామి కాలు చాపుకుని మూలుగుతున్నాడు. ఊరివాడే. పేరు అడిగి జాబితాలో వెతికాను. లేదు.

"ఈయన పేరు లేదే!" అన్నాను.

"ఎవరు రాసినారు నాయనా?"

"మునసబు గారు."

ఆమె పుల్ల తిప్పడం ఆపకుండానే నవ్వింది. "ఆయన చావడి అరుగు మీద కూచోని, ముందర కుంటుకుంటా పోయినోళ్ళను రాసింటాడు. పాలెపోళ్ళు కూలికి పోవాల గదా, కుంటుకుంటానన్నా పోతారు. ఊళ్ళోవోళ్ళు ఇంట్లో మంచమెక్కి పడుకుంటారు. పడుకున్నోళ్ళు ఆయనకు ఎట్ల కనపడ్తారు? మా ఏబేలు పేరు ఉందా చూడు."

ఉంది.

"వాడు పుట్టుకుంటోడు. వాని కాలికీ నారికీ ఏంది సంబంధం?"

శిక్షణలో మాకు మొదటి పాఠం ఇదే. ఎవరిని రోగి అనాలో ముందు తేల్చుకోండి, తర్వాతే లెక్కపెట్టండి అని నల్లబల్ల మీద రాసి మరీ చెప్పారు. నేను దాన్ని అందంగా నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని, అక్కడే వదిలేసి వచ్చాను.

"మరి నిజమైన లెక్క ఎవరి దగ్గర ఉంది?" అన్నాను, కొంచెం చిరాగ్గానే.

ఆమె తల ఎత్తి ఇంటి చూరు వైపు చూపించింది. చూరు నిండా జొన్నదంటు పుల్లలు గుచ్చి ఉన్నాయి. ఒక్కో పుల్లకు ఎండిపోయిన నారి చుట్టుకుని ఉంది. తూర్పువైపువి ఊరివాళ్ళవి, పడమటివైపువి పాలెం వాళ్ళవి. ఇల్లిల్లుకూ, ఏడాదేడాదికీ వరస వేరు. ఒక్క పుల్లకు ఒక్క మనిషి. రెండు నారులు వచ్చినవాళ్ళవి ఒకే పుల్లకు చుడుతుందట. ముక్కు మూసుకుని లెక్కపెట్టాను. ఆ ఏడాదివి తూర్పున డెబ్బై ఒకటి, పడమట ఇరవై మూడు.

"డెబ్బై ఒకటి! ఇరవై మూడు! ఈ అర్జీని ఇప్పుడే వాడి మొహాన కొడతాను!" అని లేచాను.

"కూచో నాయనా, టోపీ కిందపడ్తాది. ఎంతమందిలో డెబ్బై ఒకటి? ఎంతమందిలో ఇరవై మూడు?"

కూర్చున్నాను. ఊళ్ళో నాలుగు వందల మంది, పాలెంలో నూటపది. కాగితం మీద వేశాను. ఊళ్ళో నూటికి పద్దెనిమిది. పాలెంలో నూటికి ఇరవై ఒకటి. రెండోసారి వేశాను. అంతే వచ్చింది. మునసబు గారి జాబితా అబద్ధమే గానీ, ఆయన మాట నిజమయ్యేటట్టు ఉంది.

"అబ్బ! ఎందుకడిగావమ్మా ఆ మాట!" అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

"అడగకుండా పోతే మీ పై అధికారి అడుగుతాడు గదా. ఇంగ నువ్వు అడగాల్సింది అడుగు. ఈ ఇరవై ముగ్గురూ పోయినేడు ఎండల్లో ఏ నీళ్ళు తాగినారు?"

"పోయినేడా? కురుపు వచ్చింది ఈ ఏడు కదా!"

"నారి లోపల కాపురముండేదే ఏడాది. ఈ ఎండాకాలం తాగితే మళ్ళీ ఎండాకాలానికి బయటికొస్తాది. ఇదేమన్నా కలరానా, పొద్దున తాగితే సాయంత్రానికి పట్టుకునేదానికి? కలరా చుట్టమట్ల వచ్చిపోతాది. ఇది ఇంటిమనిషి, ఏ ఏడూ తప్పదు."

ఊళ్ళో కాపురమున్న జబ్బు ఎండెమిక్, వచ్చిపోయేది ఎపిడెమిక్, ఒంట్లో దాగి ఉండే కాలం ఇంక్యుబేషన్ అని మూడు మాటలు నేర్పడానికి మద్రాసులో మాకు మూడు వారాలు పట్టింది. ఈమె ఒక పుల్ల తిప్పేలోపు ముగించేసింది. సిగ్గేసింది, ఏం చేయను.

ఇద్దరం ఇంటింటికీ తిరిగాం. పాలెంలో యాభైమంది దాకా ఊరివాళ్ళ పొలాలకు కూలికి పోతారు. అక్కడ దాహమైతే దోసిలి పడతారు, దిగుడుబావి నీళ్ళు పోస్తారు. ఆ యాభైమందిలో ఇరవై రెండుమందికి నారి వచ్చింది. ఇంటిపట్టున ఉండి చేదబావి నీళ్ళే తాగే ముసలివాళ్ళూ, పిల్లలూ, బాలింతలూ అరవైమంది. వాళ్ళలో ఒక్కరికే వచ్చింది.

"ఆ ఒక్కరు ఎవరు?" అన్నాను, పీకమీద కత్తి పెట్టినట్టు.

"భాగ్యమ్మ. పోయినేడు వానలు పడినాక కాపురానికి వచ్చిన కోడలు. వాళ్ళ ఊళ్ళోనూ మెట్లబావే. అది పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారె నాయనా, మా బావి పెట్టింది కాదు."

చేదబావిలో ఎవరి కాలూ దిగదు. దిగుడుబావిలో నారి ఉన్న కాళ్ళన్నీ దిగుతాయి, మంటకు చల్లగా ఉంటుందని మరీ నానబెట్టుకుంటారు. పురుగు పిల్లలు ఆ నీళ్ళలోకి పోతాయి. అంతే కథ. ఆ సంతోషంలో నాకు ఆకలేసింది. అసలు గొడవ అక్కడ మొదలైంది.

భోజనం మునసబు గారి ఇంట్లో. ఆ ఊరి నీళ్ళకు కందిపప్పు ఉడకదు. పొద్దున్నుంచీ మరిగించినా పలుకులు పలుకులుగా పంటికింద పడుతుంది. ఆ రోజు ఆయన భార్య శ్రీశైలమ్మ గారు వడ్డించిన పప్పు వెన్నలా ఉంది. రెండుసార్లు వేయించుకున్నాను. మునసబు గారు గర్వంగా మీసం దువ్వి, "చూసినారా, మా ఇంట్లో పదకొండుమందిమి, అయిదేండ్లుగా ఒక్కరికీ నారి రాలేదు. త్రిపురాంతకం స్వామికి మొక్కుకున్న్యాం. అంతా ఆయన దయ" అన్నారు.

అయిదేళ్ళు! నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అమ్మా, ఈ పప్పు ఏ నీళ్ళతో ఉడికిందీ?" అన్నాను. ఆమె చేతిలో గరిటె జారి కింద పడింది. "మా గొర్రెలు కాసే అంకన్న ఏట్లో ఇసక తవ్విన చెలమ నుంచి తెస్తాడయ్యా" అంది, నా వైపు చూడకుండా.

మే నెలలో ఏట్లో చెలమ! నేను వచ్చిన దారిలోనే ఉంది ఆ ఏరు, ఇసుక కాలుతోంది. సాయంత్రం పాలెం బావి దగ్గర చాటుగా నిలబడ్డాను. అంకన్న కావడి వేసుకుని దర్జాగా వచ్చాడు. ఎలీషబా చేది పోసింది, అతను మోసుకుపోయాడు. పప్పు కోసం మొదలైన ఏర్పాటట. తీపిగా ఉన్నాయని ఇంటిల్లిపాదీ తాగడమూ అవే. ఆమెకు తప్ప ఇంట్లో అందరికీ తెలిసినంతవరకు అవి చెలమ నీళ్ళే.

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మర్నాడు చావడిలో ఊరంతా కూడినప్పుడు లెక్కలన్నీ చక్కగా చదివాను. మునసబు గారు తల అడ్డంగా ఊపుతూ, "లెక్కలదేముందిలే, మా ఇంట్లో ఎందుకు రాలేదో చెప్పు మరి" అని వెటకారంగా అన్నారు. నాకు తిక్క రేగింది.

"ఎందుకంటే మీరు అయిదేళ్ళుగా పాలెం బావి నీళ్ళు తాగుతున్నారు గనక!"

మునసబు గారి మొహం నల్లబడింది. అంకన్న మెల్లగా స్తంభం వెనక్కి జరిగాడు. మునసబు గారు లేచి నిలబడి గట్టిగా అన్నారు. "సరే. ఈ పొద్దు నుంచి నేను మన ఊరి బావి నీళ్ళే తాగుతా. సంవత్సరం తాగుతా. వచ్చే ఏడు ఇదే నెలలో నువ్వు రా. నా కాలికి నారి వస్తే నీ లెక్క నిజం. రాకపోతే ఆ బావి పూడ్చాల్సిందే. రాసుకో!"

నేను తక్కువ తిన్నానా? "రాసుకున్నాను!" అన్నాను. సన్నని బట్టలో వడబోస్తే పురుగు లోపలికి పోదని పొద్దున నేనే ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. చావడి బయట ఎండలో నిలబడ్డ ఎలీషబాకు అది గుర్తుంది. "అంకన్నా, మునసబయ్య బట్టలో వడబోసుకోని తాగుతాడేమో. భయముంటాది గదా పాపం" అంది, అందరికీ వినపడేటట్టు.

"ఎవనికే భయం? వడబోయను! ముంచుకోని తాగుతా!" అని మునసబు గారు అరిచారు.

గెలిచానని పాలెం వైపు ఊపుగా నడిచాను. ఎలీషబా మొహం చూస్తే గెలుపు కనిపించలేదు.

"ఏంది నాయనా నువ్వు చేసిన పని? అయిదేండ్లు ఆ తల్లి గుట్టు నేను దాచినా. ఒక్క మాటతో ఆయమ్మ పరువు బజార్న పడేసినావు. అది అట్ల పోనీ. ఊళ్ళో నూటికి ఎంతమందికి వస్తాది అన్నావు?"

"పద్దెనిమిది."

"మిగిలిన ఎనభై రెండుమందీ అవే నీళ్ళు తాగినారు గదా. వాళ్ళకు రాలే. మునసబయ్య ఆ ఎనభై రెండుమందిలో ఉంటే?"

అయిదు వందల మంది లెక్కతో తేలిన నిజాన్ని తీసుకెళ్ళి ఒక్క మనిషి కాలికి కట్టాను. పందెంలో నూటికి ఎనభై రెండు పాళ్ళు ఓబులయ్య గారివే. పోతే నా మాట కాదు పోయేది, పాలెం వాళ్ళ బావి. మళ్ళీ గట్టు మీద కాచుకుని కూర్చోవడం. అర్జీ మీద 'ఒక సంవత్సరం పరిశీలన పిదప నిర్ణయము' అని రాసి పైకి పంపాను. పై అధికారి చదవకుండా సంతకం పెట్టాడు. ఆ సంవత్సరమంతా నాకు సరిగా నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మార్కాపురం సంతకు వచ్చినప్పుడల్లా అక్కడి సంగతులు అంకన్న చెబుతుండేవాడు. మునసబు గారు పొద్దున్నే ఊరు చూస్తుండగా మెట్లు దిగి, చెంబు ముంచి గటగటా తాగి, మీసం తుడుచుకుని పైకి వచ్చేవారట. శ్రీశైలమ్మ గారు మాత్రం లొంగలేదు. "పందెం మీది. పప్పు నాది. అయిదేండ్లు తాగినాక ఇంగ మైలపడేదానికి ఏం మిగిలింది?" అని, అంకన్న కావడిని ఇప్పుడు పట్టపగలే పిలిపించుకుంది. ఇంట్లో రెండు పొయ్యిలు. పదిమందికి వెన్నలాంటి పప్పు, ఇంటియజమానికి పలుకులు. పాలెం ప్రార్థనలో మరో చిక్కు వచ్చిందట. మునసబుకు నారి రావాలని ప్రార్థించవచ్చా? పాస్టరు గారు ససేమిరా అన్నారు. చివరికి, 'ప్రభువా, నిజాన్ని బయటికి తీయి' అని ప్రార్థించారట. ఎక్కడి నుంచి బయటికి తీయాలో ప్రభువుకు చెప్పాల్సిన పని లేదు కదా.

మరుసటి మే నెలలో, చెప్పిన రోజుకే వెళ్ళాను. చావడి నిండిపోయింది. పాలెం జనమంతా ఎండలో నిలబడి ఉన్నారు. మునసబు గారు కుర్చీలో కూర్చుని, కాళ్ళ మీద గొర్రెబొచ్చు కంబళి కప్పుకున్నారు. కాకులు కూడా నీడ వెతుక్కునే ఎండ.

"కంబళి ఏమిటండీ?"

"చలిజరం."

"కాలు చూపిస్తారా?"

"మునసబును కాలు చూపించమంటావా, చావడిలో? నా మాట చాలదా? ఏమీ రాలేదు. రాసుకో."

పాలెం వాళ్ళలో ఎవరో ఆడమనిషి బావురుమంది. నేను ఎలీషబా వైపు తిరిగాను. "అమ్మా, మునసబు గారి పుల్ల నీ చూరులో ఉందా?"

ఆమె నేల చూపులు చూసింది. "చూరులో లేదయ్యా" అంది.

ఆమె అబద్ధమాడదు. ఇంక చేసేదేముంది? పెన్ను తీశాను. పాలెం వాళ్ళు ఆమెను కొరకొరా చూస్తున్నారు. ఎలీషబా పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆ మొహాన్ని నేనొక్కణ్ణే కాదు, మునసబు గారూ చూస్తున్నారు. చాలాసేపు చూశారు. చెమట గడ్డం మీంచి కారి కంబళి మీద పడుతోంది.

"ఏమే, చెప్పొచ్చు గదా!" అని ఒక్కసారిగా కసిరారు. "ఆరు దినాల నుంచీ మా దొడ్డివాకిట్లోకి వస్తున్నావు. నోరు లేదా నీకు?"

"కురుపు నీది మునసబయ్యా. ఎవరి కురుపూ నేను ఇంకొకరికి చెప్పింది లేదు. చెప్పేదైతే నువ్వే చెప్పుకోవాల."

"మీ బావి పోతాదే!"

"పోతాది" అంది ఆమె.

మునసబు గారు కంబళి తీసి విసిరికొట్టారు. చీలమండ దగ్గర గుడ్డకట్టు. ఆయనే దాన్ని విప్పారు. సగం చుట్టిన జొన్నదంటు పుల్ల, దానికి తెల్లటి నారి. చావడిలో కలకలం లేచింది.

"రాసుకో. మా ఇంట్లో పదకొండుమందిమి. ఆ నీళ్ళు తాగినోళ్ళు పదిమందికి ఏమీ లేదు. ఈ నీళ్ళు తాగినోడు ఒక్కడు. వానికి వచ్చింది. ఇట్లనే రాయి, ఒక్క అక్షరం మార్చకు" అన్నారు. తర్వాత ఎలీషబా వైపు తిరిగి, "నిన్న పొద్దున కట్టు కట్టినావు, మళ్ళీ రాలే. రేత్రంతా మంట. అందరూ చూడనే చూసినారు, ఇక్కడనే చుట్టు" అని కాలు ముందుకు చాపారు.

ఎలీషబా కళ్ళు తుడుచుకుంది. అంతవరకూ పాలెం వాళ్ళెవరూ అడుగుపెట్టని చావడి మెట్లు ఎక్కి, ఆ కుర్చీ ముందు కూర్చుంది. నేను అర్జీ మీద 'తోసివేయడమైనది' అని రాసి, కింద తేదీ వేశాను.